ఒకే గజ్జలో రెండు కోతలు

1940వ సంవత్సరం వేసవి. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నేను సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. ఆ హోదా ఏమిటో నేటి పాఠకులకు చెప్పాలి. మాది ఎల్.ఎం.పి. చదువు. మేమూ ఏళ్ల తరబడి వైద్యం చదివి, శవాలు కోసి, పరీక్షలు రాసి లైసెన్సు పుచ్చుకున్నవాళ్లమే. అయినా ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చినవారి కింద, వారు కూర్చోమంటే కూర్చుని, పొమ్మంటే పోయే ఉద్యోగం మాది. మా పెద్ద డాక్టరు ఒకసారి వార్డు నడుమ, రోగులందరూ వింటుండగా, నన్ను “చదువుకున్న కాంపౌండరు” అన్నాడు. కొందరు రోగులు నవ్వారు. ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు. అయితే ఇప్పుడు చెప్పబోయేది నాకు జరిగిన అవమానం గురించి కాదు. మునస్వామి అనే డోలీ మోసే మనిషికి జరిగిన అన్యాయం గురించి.

అప్పటికి కొండకు బస్సు రోడ్డు పడలేదు. యాత్రికులు అలిపిరి దగ్గర మెట్లెక్కి కాలినడకన పోవలసిందే. ముసలివాళ్లు, రోగులు, డబ్బున్నవాళ్లు మాత్రం డోలీలో పోయేవారు. పొడవాటి బొంగుకు వేలాడగట్టిన ఊయల లాంటి కుర్చీయే డోలీ. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు బొంగు కింద భుజం పెడతారు. ఆ నలుగురినీ ఎత్తు చూసి జత కలుపుతారు. ఒకడు పొట్టిగా ఉంటే బరువంతా వాడి మీద పడుతుంది. అందుకే జతలో ఒకడి చోటు ఖాళీ అయితే ఎవడు పడితే వాడు అందులో దూరలేడు, దూరినవాడు తేలిగ్గా వదలడు. ఆ చోటును వాళ్లు ‘జాగా’ అంటారు. మునస్వామికి భూమి లేదు, గొడ్డు లేదు. ఆ జాగా ఒక్కటే ఉంది.

అతను మొదటిసారి వచ్చినప్పుడు పంచె తీయమన్నాను. గోచీ కింద గుడ్డతో బిగించి కట్టిన కొబ్బరి చిప్ప కనిపించింది.

“ఇదేందప్పా?” అన్నాను.

“సిప్ప సామీ. అదిమి కట్టుకుంటే బుడ్డ లోపలే ఉంటాది. మోకాళ్ల మెట్టు నిట్టెక్కుడు కాడ మాత్రం సిప్పను తోసుకోని వచ్చేస్తాది.”

“నొప్పి లేదా?”

“లేకుండా యాడికి పోతాది? నేను మూలిగితే డోలీలో ఉండే సెట్టి ‘గోవిందా’ అంటాడు, నాకు బక్తి ముదిరిందనుకోని.”

వెనుక నిలబడిన అతని భార్య మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో నాకు తెలియలేదు. ఆమె కొండ అడవిలో కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకొచ్చి ఊళ్లో అమ్మేది.

మునస్వామికి ఉన్నది కుడి గజ్జలో హెర్నియా. మన పొట్ట గోడ కండతో అల్లిన గోడ. గజ్జ దగ్గర అది పుట్టుకతోనే కొంచెం పలచన. బరువెత్తినప్పుడు, ముక్కినప్పుడు, దగ్గినప్పుడు లోపలి ఒత్తిడికి ఆ పలచని చోట సందు పడి, పేగు ఒక సంచిలోకి జారినట్టు బయటికి వస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. పోయినంత కాలం ప్రాణభయం లేదు. ఒకనాడు ఆ సందులో పేగు ఇరుక్కుని నెత్తురు ఆడకపోతే దాన్ని స్ట్రాంగ్యులేషన్ అంటారు. పేగు చస్తుంది, వెనుకనే మనిషి చస్తాడు. నడి కొండ మీద అలా జరిగితే అతన్ని దించడానికి ఇంకో డోలీ కావాలి.

ఆపరేషన్ పెద్ద డాక్టరు చేశాడు, నేను క్లోరోఫారం ఇచ్చాను. ఆయన చెయ్యి మంచిది. ఆ మాట కాదంటే నా నోరు కుళ్లుతుంది. జారిన సంచిని మొదట్లో ముడివేసి కోసి, సందు పడిన కండను కింది గట్టి నరం లాంటి కట్టుకు చేర్చి పట్టుదారంతో కుట్టాడు. ఆ రోజుల్లో హెర్నియా రోగిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవాళ్లం కాదు. గాయం చీము పట్టకుండా మానింది. పంపించే రోజున ఆయన మంచం పక్కన నిలబడి, “ఆరు నెలలు డోలీ మోయకూడదు. తెలిసిందా?” అన్నాడు. మునస్వామి తల ఊపాడు.

నేను ఊరుకోలేకపోయాను. “సార్, ఇతను డోలీ మోసి బతికేవాడు. ఆరు నెలల తరువాత మళ్లీ పనిలోకి ఎలా పోతాడో కనుక్కుంటే బాగుంటుంది” అన్నాను.

“ఏమయ్యా, నేను కుట్టేది పొట్టని. వాడి పొట్ట నింపడం నా పని కాదు” అన్నాడు. పక్కన నర్సు నవ్వింది. కేసు షీటు మీద ‘క్యూర్డ్’ అని రాశాడు. నయమైందని. నాకు ఒళ్లు మండిపోయింది. ఎముక అతికిందో లేదో మంచం మీదే చెప్పవచ్చు. హెర్నియా నయమైందో లేదో మంచం మీద ఉండగా దేవుడు కూడా చెప్పలేడు. ఆ మనిషి నడిచి, దగ్గి, బరువెత్తి, ఒక ఏడాది తిరిగి వచ్చాక చూసి చెప్పాలి. అలా తిరిగి రమ్మని ఎవరూ చెప్పరు. మళ్లీ జారినవాడు సిగ్గుపడి ఇంకో ఊరి ఆసుపత్రికి పోతాడు, లేకపోతే పాత చిప్పే కట్టుకుంటాడు. అతను రాలేదు కాబట్టి మా కుట్టు గట్టిదని మేము చెప్పుకుంటాము.

మునస్వామి మాత్రం వచ్చాడు. మంగమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. కొండకు జనం పోటెత్తే పెరటాసి నెల, అంటే తమిళుల లెక్కన సెప్టెంబరు, అక్టోబరు, వెళ్లిపోయి కార్తీకం వచ్చింది. అదే గజ్జలో, అదే మచ్చ పక్కన, కోడిగుడ్డంత ఉబ్బు. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలు బానకు అతుకు వేస్తే, మళ్లీ చినిగేటప్పుడు అతుకు చినగదు, అతుకు అంచున పాత తోలు చినుగుతుంది. ఇదీ అలాగే. తిరిగి జారడాన్ని మేము రికరెన్స్ అంటాము.

పెద్ద డాక్టరు వేలు పెట్టి చూసి చెయ్యి కడుక్కున్నాడు. “మోయొద్దంటే మోశావు.”

“లేదు సామీ. ఏడుకొండలోడి మీద ఒట్టు. ఒక్క మెట్టు మోయలా.”

“అబద్ధం. ఇలాంటివాళ్లకు ఆపరేషన్ చేయడం నాదీ తప్పే. ట్రస్ కట్టుకోమనవయ్యా” అని నాతో అని వెళ్లిపోయాడు. ట్రస్ అంటే గజ్జను అదిమి పట్టే స్ప్రింగు బెల్టు. మద్రాసు నుంచి తెప్పించాలి. కొబ్బరి చిప్పకు అది దొరల వేషం వేసిన తమ్ముడు, అంతే.

మునస్వామి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంగమ్మ నా దగ్గరికి వచ్చి, “ఆయన మోయలేదు సామీ. బుజం సూపించినాడు, అంతే” అంది.

“భుజం చూపించడమేమిటి?”

ఆమె చెప్పింది. జబ్బు చేసి మానుకున్న డోలీవాడు పెరటాసి రద్దీకి ముందు, జతలు కలిపే మేస్త్రీకి భుజం చూపించాలి. అది వాళ్ల కట్టుబాటు. నేల మీద ఉంచిన డోలీలో మేస్త్రీ ఎక్కి కూర్చుంటాడు. వెనుక కొస ఇద్దరు పట్టుకుంటారు. ముందు కొస కింద ఆ మనిషి ఒక్కడే గొంతుకూర్చుని, బొంగు భుజానికెత్తుకుని, తూలకుండా లేచి నిలబడాలి. నిలబడితే జాగా అతని పేర ఉంటుంది, ఆరోగ్యం కుదురుకున్నాక వచ్చి మోసుకోవచ్చు. చూపించకపోతే జాగా ఇంకొకడికి పోతుంది.

“మీరు మోయొద్దన్నారు, మోయలా. జాగా పోకూడదని పోయి లేసి నిలబడినాడు. గజ్జల్లో గుడ్డ సినిగినట్టు అయిందంట. పండ్లు కరసుకోని నవ్వతా ఇంటికొచ్చినాడు.”

మెల్లగా బరువు మోసుకుని నడవడం కంటే, గొంతుకూర్చున్నవాడు ఊపిరి బిగబట్టి బరువుతో పైకి లేవడం గజ్జకు ఎన్నో రెట్లు చేటు. కడుపులోని ఒత్తిడి అంతా ఆ కుట్టు మీదే పడుతుంది. ఈ మనిషి మేము చెప్పిన మాటను అక్షరాలా పాటించి, అంతకన్నా ఘోరమైన పని చేసి వచ్చాడు. ఆ పని ఒకటి ఉందని మాలో ఒక్కరికీ తెలియదు. పైగా వాణ్నే అబద్ధాలకోరు అన్నాము.

ఈ సంగతి పెద్ద డాక్టరుకు చెప్పాను. “ఈ కథలు వినే తీరిక నాకు లేదు” అన్నాడు. మునస్వామికి మళ్లీ ఆపరేషన్ చేయించమని చిత్తూరులోని పై అధికారికి అర్జీ రాశాను. మీ పై డాక్టరు ద్వారా రాలేదు కాబట్టి చెల్లదని తిప్పి పంపారు. ఎవరి మీద ఫిర్యాదో ఆయన ద్వారానే పంపాలట! సరే అని అలాగే ఇచ్చాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద కాఫీ లోటా పెట్టాడు. ఆ గుండ్రటి మరక నా కళ్లముందు ఇప్పటికీ ఉంది.

నేనే చేయవచ్చు గదా అని పాఠకులు అడగవచ్చు. మొదటిసారి హెర్నియా అయితే చేసేవాణ్నే. రెండోసారి అలా కాదు. పాత మచ్చలో కండ, నరం, పేగు అన్నీ ఒకదానికొకటి అంటుకుని ఏది ఏదో తెలియదు. మంచి కండ మిగలదు. దానికి ఆయన చెయ్యే కావాలి. నన్ను అంత మాటన్న మనిషి చెయ్యే కావలసి వచ్చింది. అందుకని రోజూ పొద్దున ఆయన గది ముందు నిలబడ్డాను. “మళ్లీ వచ్చావా?” అనేవాడు. “వచ్చాను సార్” అనేవాణ్ని.

ఒక మధ్యాహ్నం మునస్వామిని గోనెలో వేసుకుని మోసుకొచ్చారు. ఉబ్బు రాయిలా గట్టిపడి లోపలికి పోవడం లేదు. వాంతులు. మంచం కాళ్ల వైపు ఎత్తి, మార్ఫియా ఇచ్చి, ఉబ్బును చేత్తో పట్టుకుని మెల్లమెల్లగా నొక్కుతూ కూర్చున్నాను. అదృష్టం, గుర్రుమని లోపలికి జారింది. పెద్ద డాక్టరు అప్పటికి వచ్చి నిలబడి ఉన్నాడు.

“సార్, ఈసారి పోయింది. మళ్లీసారి పోదు” అన్నాను.

ఆయన ఉబ్బు దిగిన చోట తానే వేలు పెట్టి చూశాడు. “చేస్తాను. మళ్లీ ఊడిందంటే నువ్వు పట్టుబట్టావనే చేశానని పైకి రాస్తాను.”

“రాయండి సార్. నా పేరు ఇంటిపేరుతో సహా రాయండి.”

రెండో ఆపరేషన్‌లో మునస్వామి తొడ మీదున్న గట్టి తెల్లటి పొర నుంచి సన్నని పట్టీలు తీసి, వాటినే దారంగా చేసి గజ్జలో అల్లాడు. దాన్ని ఫేషియా అంటారు. పట్టుదారం కండను కోస్తుంది, మనిషి సొంత పొర కండలో కలిసిపోతుంది. బుట్ట అల్లినంత ఒద్దికగా అల్లాడు. చూస్తుంటే ఆయన మీద నా కోపం కాసేపు ఎటో పోయింది. చేతులు కడుక్కుంటూ, “క్లోరోఫారం తగలేశావు, అంత అక్కరలేదు” అన్నాడు. కోపం తిరిగి వచ్చింది.

“తొడది తీసి గజ్జకు ఏసినారంట. ఇంగ నేను నడిస్తే ఏది ముందర పోతాది సామీ?” అని అడిగాడు మునస్వామి, తెలివి వచ్చిన మరునాడు.

అతన్ని మంచం మీద ఉంచి నేను అలిపిరికి పోయాను. మేస్త్రీ పేరు గంగులప్ప. పెద్ద బొజ్జ, చెవులకు కమ్మలు, నోట్లో ఆకువక్క. నా మాటంతా విని పక్కకు ఉమ్మేశాడు.

“డాక్టరయ్యా, సూది యాడ గుచ్చాలో నేను మీకు సెప్తానా?”

“నీ కట్టుబాటు వల్ల మనిషి చచ్చేవాడు. రెండుసార్లు కోశాం.”

“మీ కుట్టు సినిగితే మల్లా కుడతారు. మెట్ల మీద నా బొంగు జారితే కుట్టేదానికి మనిసి ఉండడు. నేను సూసినా. ఒగడి మోకాలు వంగితే నలుగురూ పోయినారు, డోలీలో ఉండే ముసలామె పోయింది. దానికి పెట్టినామప్పా ఈ కట్టుబాటు. ముచ్చటకు కాదు.”

అతను చెప్పింది నిజమే కావడం నన్ను ఇంకా మండించింది. చుట్టూ చూశాను. దారి పక్కన రెండు సుమతాంగులు ఉన్నాయి. నెత్తిన మోపులున్నవాళ్లు వంగకుండా బరువు దించుకోవడానికి భుజాలెత్తున నిలబెట్టిన రాతి బల్లలు అవి.

“భుజం చూడు, వద్దనను. కూర్చుని లేవమనొద్దు. ఈ రెండు రాళ్ల మీద బొంగు కొసలు పెట్టు. నువ్వు ఎక్కి కూర్చో. నిలబడే భుజం పెడతాడు, నడిచి చూపిస్తాడు” అన్నాను.

“ఆడోళ్లు కట్టెలు దించుకునే రాయప్పా అది!”

“ఆడవాళ్లకు బుద్ధి ఉంది కాబట్టే వాళ్ల గజ్జలు బాగున్నాయి.”

చుట్టూ ఉన్న డోలీవాళ్లు పగలబడి నవ్వారు. గంగులప్ప నవ్వలేదు. “పెరటాసికి ముందర రానీ. సూస్తాం” అన్నాడు.

1941 పెరటాసి ముందు ఆ రోజు వచ్చింది. నేను సెలవు అడిగితే పెద్ద డాక్టరు ఇవ్వలేదు, చెప్పకుండా పోయాను. బొంగు కొసలు రెండు రాళ్ల మీద పెట్టారు. గంగులప్పను ఇద్దరు ఎత్తి డోలీలో కూర్చోబెట్టారు. మునస్వామి, అతని పక్కన ఒకడు ముందు కొస కింద నిలబడ్డారు. వెనుక మునస్వామి బావమరిది గురవయ్య, ఇంకొకడు. నలుగురూ భుజం పెట్టి రాళ్ల మీద నుంచి బరువు అందుకుని నాలుగడుగులు వేశారు. నా కళ్లు మునస్వామి గజ్జ మీదే ఉన్నాయి. అతని ముఖంలో నొప్పి లేదు.

“సెల్లదు!” అన్నాడు గంగులప్ప పైనుంచి. “నిలబడి మోసేది ఏనుగుకైనా వస్తాది. లేసేది యాడ సూసినా నేను? దించండ్రా.”

వెనుక నుంచి గురవయ్య గొంతు లేచింది.

“యాడ దించేది మేస్త్రీ? నేల మీద దించాలంటే కూసోవాల గదా. మా బావ కూసోకూడదని డాక్టరు సామి సెప్పినాడు.”

“రాళ్ల మీద పెట్టండ్రా, ముండాకొడకల్లారా!”

“వెనక్కి నడిసేది మనకు అలవాటు లేదన్నా” అంటూ గురవయ్య ముందుకు తోశాడు. నలుగురూ మెట్ల దారి పట్టారు. మంగమ్మ కొంగు బిగించి వెంట పరిగెత్తుతూ, “మేస్త్రీ మామా, గట్టిగా పట్టుకో! గోవిందా అను!” అని అరిచింది. దారిలో మొక్కు తీర్చుకుంటున్న యాత్రికులు నిజమేననుకుని గోవింద కొట్టారు. నేను వెనుక రొప్పుతూ, “ఆగండి, అంతెక్కువ ఎక్కొద్దు” అని అరుస్తూనే ఉన్నాను. వాళ్ల మీదా నాకు కోపమొచ్చింది. అంత పరీక్ష నేను చెప్పలేదు. నా మాట విన్నవాడు లేడు.

మెట్ల మీద ఒక మండపం వచ్చింది. దాని తిన్నె నడుమెత్తు ఉంది. డోలీని తిన్నె మీదికి జరిపి నిలబెట్టారు. గంగులప్ప దిగాడు. తిట్టడానికి నోరు తెరిచి, మునస్వామి కాళ్ల వైపు చూసి మూశాడు. ఒక్కొక్కటిగా ఆ మోకాళ్లు తట్టి చూశాడు.

“నడక అదరలా” అన్నాడు చివరికి. “జాగా నీదే. తిన్నె ఉండే కాడనే ఎక్కించుకోండి, దించండి. నేల మీద నుంచి ఎత్తే పని వస్తే ఇంగొకడు వస్తాడు. ఒరే గురవా, నీ సంగతి తరవాత.”

మండపం స్తంభం చాటున మునస్వామిని నిలబెట్టి దగ్గమన్నాను. గజ్జ మీద వేలు పెట్టి చూశాను. తొడ పొర అల్లిక కింద గోడ గట్టిగా తగిలింది. ఇంకోసారి దగ్గమన్నాను. ఏమీ జారలేదు. మంగమ్మ స్తంభం అవతలి నుంచి, “కుట్టు ఉండాదా సామీ, పోయిందా?” అని అడిగింది. ఉందమ్మా, ఏమీ జారలేదు అన్నాను. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

కొండకు బస్సు రోడ్డు పడేదాకా మునస్వామి ఆ జాగాలోనే మోశాడు. నేను ఆ ఊరిలో ఉన్నన్నాళ్లూ ఏటా పెరటాసి ముందు అతన్ని పిలిపించి చూశాను. మళ్లీ జారలేదు.

తరువాత చిత్తూరులో జరిగిన డాక్టర్ల సమావేశంలో మా పెద్ద డాక్టరు ఈ కేసు చదివాడు. తొడ పొర గురించి, అల్లిక గురించి చక్కగా చెప్పాడు. మొదటి కుట్టు ఎందుకు ఊడిందో, రెండోది ఎందుకు నిలిచిందో చెప్పవలసిన చోట, “ఈసారి రోగి మాట విన్నాడు” అని ముగించాడు. చప్పట్లు కొట్టారు. మేస్త్రీ, రాళ్లు, తిన్నె, ఏవీ లేవు. నేను వెనుక వరుసలో లేచి నిలబడ్డాను. వేళ అయిపోయింది, కూర్చోమన్నారు. మునస్వామి మొదటిసారీ మాట విన్నాడని, మేము చెప్పిన మాటే చాలలేదని, ఆ సభలో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఆ కేసు తరువాత నా దగ్గరికి హెర్నియాతో వచ్చిన ఎవరినైనా, గానుగవాడైనా, చాకలి అయినా, నీళ్లు తోడే మనిషైనా, గజ్జ చూడక ముందే అడిగేవాణ్ని: “నీ పనిలో బరువు ఎక్కడినుంచి ఎత్తుతావు? ఎలా లేస్తావు? మళ్లీ పనిలోకి తీసుకోవాలంటే నిన్ను ఏం చేయమంటారు?” అది విని కుట్టు గురించీ, ఇంటికి పోయాక చేయవలసిన దాని గురించీ ఆలోచించేవాణ్ని. చాకలిని మూట నేల మీద నుంచి కాకుండా గాడిద వీపు మీద నుంచే భుజానికి అందుకోమన్నాను. నీళ్లు తోడే ఒకామె అత్తను పిలిపించి, ఏడాది పాటు చేద ఎవరు లాగుతారో నా ఎదుటే చెప్పించాను. కుట్టు సర్జన్ వేస్తాడు. అది నిలిచేది ఆసుపత్రి బయట, ఎవరో ఎవరినో ‘లే’ అనే చోట. ఈ ప్రశ్నలు విని నవ్విన డాక్టర్లు ఉన్నారు. వాళ్లందరి పేర్లూ నాకు గుర్తున్నాయి.